మా ఫ్రిజ్‌లో శాంపిళ్లున్నాయి, వచ్చి తీసుకెళ్లండి

మన రెండు రాష్ట్రాల పశువైద్య విశ్వవిద్యాలయాల్లో కుక్కల, పిల్లుల అంటువ్యాధుల మీద పరిశోధన చేస్తున్న గురువులకు, పీజీ, పీహెచ్‌డీ చేస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

నమస్కారం.

గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊళ్లో 18 ఏళ్లుగా క్లినిక్ నడుపుతున్న పశువుల డాక్టర్‌ని. మా క్లినిక్‌లో ఒక పాత సింగిల్ డోర్ ఫ్రిజ్ ఉంది. కింద అరల్లో టీకాలు పెడతాం. పైన ఫ్రీజర్‌లో జిప్ కవర్లు, వాటి నిండా చిన్న చిన్న ట్యూబులు. పార్వో (కుక్కపిల్లల్ని చంపే విరేచనాల వైరస్ జబ్బు) అనుకున్న కుక్కపిల్లల స్వాబ్‌లు, జ్వరంతో వచ్చిన కుక్కల రక్తం, రెండు పిల్లుల పొట్టలోంచి తీసిన నీరు. ప్రతి ట్యూబు మీదా ప్లాస్టర్ ముక్క అంటించి పెన్నుతో రాశాను: తేదీ, వయసు, జాతి, ఎన్ని టీకాలు పడ్డాయి, బతికిందా పోయిందా. మొన్న సంక్రాంతి సెలవుల్లో ఫ్రీజర్‌లో ఐసు గడ్డ కట్టిందని, వాటిని థర్మాకోల్ డబ్బాలోకి మార్చేటప్పుడు లెక్కపెడితే 63 తేలాయి.

“ఇవన్నీ ఎందుకు మేడమ్, పారేద్దామా?” అన్నాడు మా అసిస్టెంట్ కుర్రాడు. పాపం వాడికి ఐస్‌క్రీం పెట్టుకోవడానికి చోటు లేదు. ఏం చెప్పాలో తెలీక “ఉండనీరా, ఎవరో ఒకరు వస్తారు” అన్నాను. ఆ ఎవరో ఒకరు మీరేనని ఈ ఉత్తరం రాస్తున్నాను.

రాత్రిళ్లు క్లినిక్ మూశాక కృషికోశ్ వెబ్‌సైటు తెరిచి మీ థీసిస్‌లు చదువుతుంటాను. నవ్వకండి, కొందరు ఓటీటీ చూస్తారు, నేను ఇవి చూస్తాను. చాలా వాటిలో పని గట్టిగా ఉంటుంది. పీసీఆర్ చేస్తారు, సీక్వెన్స్ చేస్తారు, చెట్టు బొమ్మ వేసి మన వైరస్ ఏ దేశపు వైరస్‌కు దగ్గరో చూపిస్తారు. కానీ శాంపిళ్లు ఎక్కడివని చూస్తే ఎక్కువగా కాలేజీ క్లినిక్‌కు వచ్చినవే, నగరం చుట్టుపక్కలవే. చివరి పేజీలో మాత్రం తప్పకుండా ఒక వాక్యం ఉంటుంది, మరిన్ని శాంపిళ్లతో విస్తృత అధ్యయనం జరగాలని. ఆ వాక్యం చదివిన ప్రతిసారీ లేచి వెళ్లి ఫ్రీజర్ తలుపు తీసి చూడాలనిపిస్తుంది.

ముందు పార్వో సంగతి చెబుతాను. పోయిన జూలైలో ఒక ఆటో డ్రైవరు ల్యాబ్రడార్ పిల్లను తువ్వాలులో చుట్టుకుని తెచ్చాడు. పదకొండు వారాలది. తలుపు దగ్గర ఉండగానే వాసనతో తెలిసిపోయింది. ఆ వాసన ఒకసారి ముక్కుకెక్కితే రిటైరయ్యాక కూడా పోదు, మీకు తెలియనిది కాదు. ఆయన చొక్కా జేబులోంచి టీకా పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. ఆరో వారం ఒకటి, తొమ్మిదో వారం ఒకటి, స్టిక్కర్లు రెండూ ఉన్నాయి. రెండూ నేను వేసినవే. “రెండుసార్లు వేయించాను కదమ్మా, మరి ఎందుకొచ్చింది?” అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. సెలైన్ ఎక్కిస్తూ నాకు తెలిసింది చెప్పాను. నాలుగో రోజు పొద్దున పిల్ల పోయింది.

నేను చెప్పింది పుస్తకంలో మాట. తల్లి జున్నుపాలతో వచ్చిన యాంటీబాడీలు ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పట్టనివ్వవు. టీకాను అడ్డుకునేటన్ని మిగిలి, జబ్బును ఆపలేనంత తగ్గిపోయే రోజులు కొన్ని మధ్యలో వస్తాయి. ఊరి వైరస్ దూరేది అప్పుడే. అందుకే చిన్న జంతువుల వైద్యుల ప్రపంచ సంఘం, పిల్లకు 16 వారాలు నిండాక ఒక డోసు పడేదాకా టీకాలు ఆపొద్దంటుంది. 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఏడాది దాకా ఆగకుండా ఆరు నెలల వయసులోనే ఇంకో డోసు వేయమని కూడా చెప్పింది. మా ఊళ్లో రెండు పడటమే గొప్ప. మూడోదానికి రమ్మంటే “ఇంకోటా మేడమ్?” అని జేబు తడుముకుంటారు.

సరే, అది ప్రపంచం మాట. మన కుక్కల మాటేమిటి? వీధిలో పుట్టి, పార్వోను దాటి బతికిన తల్లి ఒంట్లో యాంటీబాడీలు దండిగా ఉంటాయి. ఆ లెక్కన దాని పిల్లల్లో అవి ఇంకా ఎక్కువకాలం ఉండాలి. అంటే నేను ఆరో వారం, తొమ్మిదో వారం వేసే టీకాలు నీళ్లపాలేనా? నా అనుమానం అదే, కానీ అనుమానాన్ని చీటీ మీద రాయలేను కదా. దీనికి పెద్ద యంత్రాలు కూడా అక్కర్లేదు. పార్వో వైరస్ పంది ఎర్ర రక్తకణాలను గుత్తులు కట్టిస్తుంది. కుక్క రక్తంలో యాంటీబాడీలుంటే అలా కట్టనివ్వవు. ఎంత పలచన చేసేదాకా అడ్డుకుంటున్నాయో చూస్తే రక్షణ ఎంతుందో తెలిసిపోతుంది. ఎప్పటినుంచో ఉన్న పరీక్ష. పంది రక్తం కావాలంటే మా ఊళ్లో ఆదివారం ఆదివారం దొరుకుతుంది, ఆ బాధ్యత నాది. ఒక యాభై ఈతల పిల్లలకు ఆరు, తొమ్మిది, పన్నెండు, పదహారు వారాల్లో చుక్క చుక్క రక్తం తీసి చూస్తే, ఆ ఆటో డ్రైవరు అడిగినదానికి మన జిల్లా జవాబు దొరుకుతుంది. ఒక ఎం.వి.ఎస్సీకి సరిపోయే పని.

వైరస్ మారిపోయిందేమో, టీకా దానికి పనిచేయడం లేదేమో అని తోటి డాక్టర్లు కొందరంటారు. మారిన మాట నిజమే. అసలు ఈ వైరస్ పుట్టిందే మార్పుతో. పిల్లుల పాన్‌ల్యూకోపీనియా వైరస్‌కు చుట్టమైన వైరస్ ఒకటి పై తొడుగులో కొన్ని మార్పులు తెచ్చుకుని కుక్క కణాల్లోకి దూరడం నేర్చుకుంది. 1978లో దాని ఉనికి బయటపడింది. రెండేళ్లు తిరిగేసరికి ప్రపంచమంతా పాకింది. మన దక్షిణాదిలో 1980ల మొదట్లోనే మద్రాసులో గుర్తించారు. అప్పటినుంచి 2ఎ, 2బి, 2సి అని రూపాలు మారుస్తూనే ఉంది. అయినా ఇప్పుడున్న టీకాలు సరిగా పడితే వీటన్నిటినీ ఆపుతాయనే ఎక్కువమంది నిపుణుల మాట. నేనూ అటే మొగ్గుతాను. టీకా సరిగా పడలేదన్నది ఒప్పుకోవడం కష్టం కాబట్టి వైరస్ మీదకు నెట్టేస్తున్నామేమో! అందులో నా ఫ్రిజ్ తప్పు కూడా ఉండొచ్చు. వేసవిలో మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు పోతే లోపల వేడి ఎంతకు పోయిందో నాకు మొన్నటిదాకా తెలీదు, ఈ మధ్యే థర్మామీటరు కొని పెట్టాను.

ఇక పార్వో పరీక్ష కిట్లు. టీకా వేసిన ఐదో రోజున పిల్ల విరేచనాలతో వస్తుంది, కిట్‌లో సన్నగా రెండో గీత పడుతుంది. అది ఊరి వైరసో, నేనే సూదితో ఎక్కించిన టీకా వైరసో ఆ గీతకు తెలీదు, నాకూ తెలీదు. అలాంటివి మా ఫ్రీజర్‌లో తొమ్మిది ఉన్నాయి.

గోమార్ల జ్వరాల దగ్గరకొస్తే పరిస్థితి ఇంకా అధ్వాన్నం. జ్వరం, తిండి మానేయడం, ప్లేట్‌లెట్లు తక్కువ అనగానే అందరం డాక్సీసైక్లిన్ రాసేస్తాం. నేనూ రాస్తాను. ఎర్లీకియా అనే బ్యాక్టీరియా జబ్బయితే 28 రోజులు వాడితే తేరుకుంటుంది. కాకపోతే? రెండేళ్ల కింద ఒక రైస్ మిల్లు కాపలా కుక్కను తెచ్చారు. జర్మన్ షెపర్డ్. చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. డాక్సీ అప్పటికే పదిహేను రోజులు పడింది, అదీ వేరే చోట. చెవి కొసన సూదితో గుచ్చి, ఆ చుక్కతో గాజు పలక మీద స్మియర్ లాగి, గీమ్సా రంగు వేసి, రాత్రి పదిన్నర దాకా మైక్రోస్కోపులో వెతికాను. చాలాసేపటికి ఒక ఎర్రకణంలో చిన్న ఉంగరం లాంటిది కనిపించింది. అది బబీసియా గిబ్సొనీ అనే రక్త పరాన్నజీవో, రంగు పొడి చుక్కో చెప్పడానికి పక్కన ఇంకో డాక్టర్ లేడు. ఫోనులో ఫొటో తీసి నా బ్యాచ్ గ్రూపులో పెట్టాను. ముగ్గురు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు.

ఈ బబీసియా గిబ్సొనీని లోకానికి మొదట చూపించింది ఎక్కడో కాదు. 1910లో ప్యాటన్ అనే ఆయన మద్రాసులో దొరల వేటకుక్కల రక్తంలో చూసి రాశాడు, తర్వాత నక్కల్లోనూ కనిపించిందని చెప్పాడు. అంతకు ఐదేళ్ల ముందు, 1905లో, జేమ్స్ అనే ఆయన హెపటోజూన్ కానిస్ అనే ఇంకో పరాన్నజీవిని గుర్తించిందీ ఈ దేశపు కుక్కల్లోనే. అది గోమారి కుడితే రాదు, ఒళ్లు కొరుక్కుంటూ కుక్క ఆ గోమారిని మింగితే వస్తుంది. వందేళ్లు దాటినా ఆ ఉంగరం గిబ్సొనీయో కాదో తేల్చుకోవడానికి నేను వాట్సాప్‌లో ఓట్లు అడగాల్సి వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

గిబ్సొనీ అయితే మందు మారిపోతుంది. ఆవులకు వేసే పాత ఇంజెక్షన్లతో అది తగ్గినట్టు కనిపించి మళ్లీ లేస్తుంది. అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి పది రోజులు ఇవ్వాలని పుస్తకాలు చెబుతాయి. అటోవాక్వోన్ ఖరీదు విన్నాక మిల్లు యజమాని కాసేపు మాట్లాడలేదు. “కచ్చితంగా అదేనా మేడమ్?” అన్నాడు. కచ్చితంగా అని నేననలేకపోయాను. కుక్క దక్కలేదు. దాని రక్తం ట్యూబు నంబరు 22.

డిస్టెంపర్ అనే కుక్కల వైరస్ జబ్బు గురించి రాయాలంటే ఒక వీధి గొడవ చెప్పాలి. మా రైతు బజారు దగ్గర ఒక కుక్క నోట్లోంచి నురగ కారుస్తూ, దవడలు ఆడిస్తూ తిరుగుతోందని ఫోను వచ్చింది. నేను బండి మీద వెళ్లేసరికి కర్రలతో కొట్టేశారు. ఇంకా ప్రాణం ఉంది. పడుకుని ఉన్నా కుడి ముందు కాలు ఒకే లయలో కొట్టుకుంటోంది, ఎవరో పక్కన కూర్చుని తాళం వేస్తున్నట్టు. ముక్కు చివర, అరికాళ్లు బిరుసెక్కి ఉన్నాయి. కళ్లలో పుసి. డిస్టెంపర్ అని నా మనసుకు అనిపించింది. కానీ రేబిస్ కాదని ఎలా చెప్పను? మెదడు తీసి ల్యాబ్‌కు పంపితే తప్ప తేలదు. పంచాయతీ వాళ్లు గంటలో పూడ్చేశారు. దాన్ని ముట్టుకున్న నలుగురు భయంతో రేబిస్ సూదులన్నీ వేయించుకున్నారు. వేయించుకోమని చెప్పింది నేనే. తెలియనప్పుడు అలాగే చెప్పాలి. వాళ్లలో ఒకామె గర్భిణి. టెన్షన్‌తో ఆమె నెల రోజులు సరిగా నిద్రపోలేదని వాళ్లత్తగారు తర్వాత చెప్పింది.

రేబిస్ మీద ఇక్కడ ఎక్కువ రాయను. దానికి చట్టముంది, జాతీయ ప్రణాళికుంది, 2030 అని గడువుంది. మనుషుల్ని చంపే జబ్బు కాబట్టి అలా ఉండాల్సిందే. కానీ కాలు కొట్టుకునే ప్రతి కుక్కా పిచ్చికుక్కే అయిపోతున్నంతకాలం రేబిస్ లెక్కలు మాత్రం సరిగ్గా ఎలా ఉంటాయి? పైగా డిస్టెంపర్ కుక్కలతో ఆగే రకం కాదు. మన తట్టు వైరస్‌కు దగ్గరి చుట్టం అది. 2018లో గుజరాత్‌లోని గిర్‌లో కొద్ది వారాల్లోనే 23 సింహాలు పోతే, కారణాల్లో ఈ వైరస్ ఉందని తేల్చి అమెరికా నుంచి టీకాలు తెప్పించారు. మాకు పడవ దూరంలో పాపికొండలు ఉన్నాయి, అక్కడ పులులున్నాయి. అడవి అంచు ఊళ్లలో కుక్కలకు డిస్టెంపర్ టీకా అన్న మాటే తెలీదు.

పిల్లుల విషయంలో నాది మొత్తం అజ్ఞానమే. నేను చదివేరోజుల్లో పిల్లి అంటే పుస్తకం చివర రెండు పేజీలు, పరీక్షలో రాదని వదిలేసేవాళ్లం. ఇప్పుడు నా దగ్గరకు వచ్చే కేసుల్లో దాదాపు నాలుగోవంతు పిల్లులే. లాక్‌డౌన్ తర్వాత మా ఊళ్లో కూడా పర్షియన్ పిల్లులు పెరిగాయి.

2022లో డిగ్రీ చదివే ఒక అమ్మాయి ఎనిమిది నెలల పిల్లిని తెచ్చింది. వెన్నెముక తేలిపోయింది, పొట్ట మాత్రం కుండలా ఉంది. సూదితో లాగితే తేనె రంగులో జిగట నీరు వచ్చింది. మామూలు గ్లాసులో డిస్టిల్డ్ వాటర్ పోసి, పక్క హోటల్ నుంచి తెప్పించిన తెల్ల వెనిగర్ ఒక చుక్క వేసి కలిపి, దాని మీద ఆ పొట్ట నీటి చుక్క వదిలాను. కరగలేదు. జెల్లీ చేపలాగ తోక వదులుతూ మెల్లగా కిందకు దిగింది. రివాల్టా పరీక్ష అంటారు దీన్ని. ఇదొక్కటే రుజువు కాదు, కానీ పిల్లి వయసు, జ్వరం, ఆ నీరు అన్నీ కలిపి చూస్తే ఎఫ్ఐపీ అనే అనిపించింది. పిల్లుల పేగుల్లో మామూలుగా ఉండే కరోనా వైరస్ కొన్నిటిలో లోపలే మారి ఇలా విరుచుకుపడుతుంది. మనకు వచ్చిన కోవిడ్ వేరు, ఇది వేరు, మనకు అంటదు. ఆ అమ్మాయి మొదట అడిగింది అదే.

ఒకప్పుడు ఎఫ్ఐపీ అంటే చావే. అమెరికాలో నీల్స్ పెడర్సన్ బృందం జీఎస్-441524 అనే మందును జబ్బు పడిన 31 పిల్లులకు వాడితే 25 బతికి బట్టకట్టాయని 2019లో ప్రకటించింది. 84 రోజుల వైద్యం. ఈ మందు ఏమిటో తెలుసా? రెమ్‌డెసివిర్ ఒంట్లోకి వెళ్లాక తయారయ్యేది ఇదే. 2020 జూన్‌లో రెమ్‌డెసివిర్‌ను ఈ దేశంలో తయారుచేసి అందించిన మొదటి కంపెనీల్లో ఒకటి హైదరాబాద్‌ది. 2023లో సైప్రస్ ద్వీపంలో పిల్లులు వేలల్లో చనిపోతుంటే, మనుషుల కోసం కొని ఉంచిన మోల్నుపిరావిర్ మాత్రల్ని అక్కడి ప్రభుత్వం పిల్లులకు ఇప్పించింది. ఆ మందును మన హైదరాబాద్ కంపెనీలూ తయారుచేశాయి కదా.

పిల్లిని తెచ్చిన ఆ అమ్మాయి మాత్రం ఒక వాట్సాప్ గ్రూపులో ఎవరినో పట్టుకుని సీసాలు తెప్పించుకుంది. సీసా మీద పేరు లేదు, గాఢత లేదు, ఒక పిల్లి బొమ్మ ఉంది. లోపల ఏముందో తెలీని మందుకు డోసు ఎంతని అడిగితే నేనేం చెబుతాను? బరువు తూచి, రక్తపరీక్షలు చేసి, దేవుడి మీద భారం వేశాను. 84 రోజులూ తనే చర్మం కింద ఇంజెక్షన్ ఇచ్చింది, చివరి నెలలో పిల్లి సిరంజి కనబడితే బీరువా మీదకు ఎక్కేది. బతికింది. ఇప్పటికీ టీకాకు వస్తుంది, నన్ను చూసి ఉమ్ముతుంది. ఆ పొట్ట నీరు కూడా ఫ్రీజర్‌లో ఉంది. అది నిజంగా ఎఫ్ఐపీయేనా, సీసాలో నిజంగా ఆ మందేనా అన్నది నాలుగు పక్కల మందుల ఫ్యాక్టరీలున్న రాష్ట్రాల్లో ఎవరూ తేల్చకపోతే ఎలా?

ఆవులు, గేదెలు ముందని మీరనొచ్చు. ఒప్పుకుంటాను. గాలికుంటుకు 2019 నుంచి కేంద్రం జాతీయ కార్యక్రమమే నడుపుతోంది, పాలిచ్చే పశువుకు డబ్బు రావడం న్యాయం. కుక్కకు, పిల్లికి ఎవరిస్తారు? అందుకే నేను పెద్ద ప్రాజెక్టులు అడగడం లేదు.

నాలుగేళ్ల కింద ఒకసారి నా అంతట నేనే పన్నెండు శాంపిళ్లు ఒక ల్యాబ్‌కు పంపాను. థర్మాకోల్ డబ్బా, ఐస్ ప్యాకులు, చుట్టూ బ్రౌన్ టేపు. బస్సు పార్శిల్లో వేశాను. దసరా సెలవులు కలిసొచ్చి డబ్బా మూడు రోజులు పార్శిల్ గదిలోనే ఉంది. “శాంపిల్ పనికిరాదు” అని ఒక ముక్క రాసి పంపారు. వాళ్లను తప్పుపట్టను, ఆ స్థితిలో ఎవరైనా అదే రాస్తారు. కానీ ఎఫ్‌టీఏ కార్డులని మీ దగ్గరుంటాయి. ఒక చుక్క రక్తమో, స్వాబో అద్ది ఆరబెడితే జన్యు పదార్థం మామూలు గది వేడిలోనే నిలుస్తుంది. పోస్టు కవరులో పంపొచ్చు, ఐసు అక్కర్లేదు. అలాంటి కార్డులు మా లాంటి చిన్న ఊరి డాక్టర్లకు పాతికేసి ఇవ్వండి. దాంతోపాటు ఒక తెలుగు ఫారం. ఏం రాయాలో మీరే నిర్ణయించండి, ఒక్క పేజీ మించకుండా చూడండి, రెండు పేజీలైతే మేం నింపం. రిపోర్టు వారంలో రావాలని అడగను. మూడు నెలలకోసారి, ఈ జిల్లాల్లో ఈ పార్వో తిరుగుతోంది, గోమార్ల జ్వరాల్లో ఇన్నిటిలో గిబ్సొనీ ఉంది అని ఒక తెలుగు కాగితం వాట్సాప్‌లో పెట్టండి. మా ఊరి మెడికల్ షాపు వాళ్లూ చదువుతారు, వాళ్లే మాకంటే ఎక్కువ డాక్సీ అమ్ముతారు. మీ పేపర్లో మా పేర్లు వేయక్కర్లేదు.

కార్డులు వచ్చేదాకా ఈ 63 ట్యూబులు ఉన్నాయి. డిస్టెంపర్‌వి ఎంతవరకు పనికొస్తాయో అనుమానమే, అది ఆర్ఎన్ఏ వైరస్, నా ఫ్రీజర్ అంత నమ్మదగింది కాదు. పార్వో మొండిది, అది మాత్రం కచ్చితంగా ఉండి ఉంటుంది. వాటి వివరాలన్నీ ఒక లాంగ్ నోటుబుక్కులో ఉన్నాయి, నా చేతిరాత అర్థం కాకపోతే మా కుర్రాడు చదివి పెడతాడు. క్లినిక్ పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది. ఆదివారం సెలవు, కానీ చెబితే తీస్తాను. మార్చి దాటితే కరెంటు కోతలు మొదలవుతాయి, ఇన్వర్టరు ఫ్రిజ్‌ను మోయదు. ఆలోపు ఎవరినైనా ఒకరిని పంపండి. వచ్చేవాళ్లు ఐస్ బాక్సు మాత్రం తెచ్చుకోవాలి, నా డబ్బాకు మూత విరిగిపోయింది.

ఇట్లు,
మీ పాత విద్యార్థిని,
గోదావరి జిల్లా పశువుల డాక్టర్